పెనానికి అదీ దిమ్మే

మా స్టాటిస్టిక్స్ మేడమ్ పోయారని పోయిన మంగళవారం పొద్దున్న కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. చేసినవాడు అనకాపల్లిలో నాతో డిగ్రీ చదివినవాడే. "మేడమ్ లేరు బావా" అని, సాయంత్రం సమాధులతోటకి వత్తావా అని అడిగాడు. వస్తానన్నాను. వెళ్లాను. మట్టి వేసి వచ్చాను.

ఆవిడ క్లాసులో గొంతు పెంచడం నేను వినలేదు. సుద్దముక్క గోరుకి తగిలేదాకా వాడేవారు. సగటు అనే మాట ఎవరి నోట వచ్చినా "దేని సగటు?" అని అడిగేవారు. బస్సు సగటున పది నిమిషాలు లేటండీ అన్నా అదే ప్రశ్న. మేం వెనక నవ్వుకునేవాళ్లం.

రెండో ఏడు ప్రాక్టికల్స్‌కి ప్రతివాళ్లూ ఇంటి దగ్గర ఏవో ఒక ముప్ఫై కొలిచి, వాటి సగటుకి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కట్టి రికార్డులో రాయాలి. కొలిచిన కాసిన్నిటిని బట్టి అసలు సగటు ఎక్కడుండొచ్చో తొంభై ఐదు శాతం నమ్మకంతో రెండు హద్దులు గీయడమే ఆ పని. మాది చెరకు రైతుల ఇల్లు. గానుగలో బెల్లం దిమ్మలు తూచాను. హద్దులు రెండూ బాగా దగ్గరగా వచ్చాయి. గర్వంగానే తీసుకెళ్లి చూపించాను.

పాకం ప్రతిసారీ సరిగ్గా దిమ్మలకి సరిపోతుందా అని అడిగారు. లేదు, పాకం కాచే పెనం అడుగున మిగిలినదానితో చిన్న దిమ్మ ఒకటవుతుంది, దాన్ని మార్కెట్‌కి పంపం, చెరకు నరికినవాళ్లకి ఇచ్చేస్తాం అన్నాను. మా వైపు దాన్ని దిమ్మల్లో ఎవరూ లెక్కపెట్టరు. నేనూ పెట్టలేదు.

"మరి పైన మా గానుగ దిమ్మలు అని రాసేవేటి?"

మార్కెట్ దిమ్మలు అని మార్చేస్తానన్నాను. మార్చొచ్చు, కానీ వదిలేశానన్న సంగతే నీకు తెలీలేదు కదా అన్నారు. సంతకం పెట్టకుండా రికార్డు చేతికిచ్చారు.

సంతకం లేనిదే పరీక్షకి కూర్చోనివ్వరు. సోమవారమే పరీక్ష. ఈ ఏడు తప్పితే చదువు మాని చెరకులోకి వచ్చెయ్యమని మా నాన్న ముందే చెప్పి ఉన్నాడు. గానుగ ఇంకో రెండు రోజులే ఆడుతుంది. ఆ రెండు రోజుల్లో దిగే ఎనిమిది పెనాల్లో దిమ్మలన్నీ తూస్తానని మేడమ్‌కి చెప్పాను. మీ మేడమ్ సదువు సెప్పడానికొచ్చిందా, కాటాలు తనికీ సేయడానికొచ్చిందా అని నాన్న వెటకారం చేశాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆవిడే బస్సెక్కి మా ఊరు వచ్చారు. పిప్పి కుప్ప పక్కన పీట వేస్తే కూర్చున్నారు. ఆఖరి పెనం దిగింది. దిమ్మలు గట్టిపడ్డాక నాన్న పెద్దవి తూచి, చిన్నదాన్ని పక్కన పెట్టబోయాడు.

"ఇది దిమ్మ కాదమ్మా. కూలోల పిల్లలు తినీది."

"మీకు కాదు అన్నయ్యా. పెనానికి అదీ దిమ్మే."

నాన్న చిన్న దిమ్మని కాటా మీద పెట్టి, "ఈవిడితో నెగ్గలేం గానీ, రాసుకోరా" అన్నాడు.

అక్కడే కూర్చుని లెక్క కట్టి, ఆ హద్దు నుంచి ఈ హద్దుకి గీత గీశాను. సగటు దిగింది. హద్దులు దూరం జరిగాయి. పాడైపోయింది మేడమ్ అన్నాను. పాడవలేదు, నిజం ఇంత వెడల్పుంది అన్నారు. అయితే సగటు ఈ రెండిటి మధ్య ఉండడానికి నూటికి తొంభై ఐదు వంతులు అవకాశం అనుకోవచ్చా అన్నాను.

"ఆ తొంభై ఐదు నీ గీతది కాదు, నీ పద్ధతిది. ఇలాగే వందసార్లు తూచి వంద గీతలు గీస్తే, ఓ తొంభై ఐదు సగటుని పట్టుకుంటాయి. ఇది పట్టుకుందో లేదో నీకు తెలీదు. నాకూ తెలీదు."

నేను ఆ గీతకి రెండు కొసల్లో అంకెలు వేసి, మధ్యలో చుక్క పెట్టి అసలు సగటు అని రాసి ఉన్నాను. ఆవిడ రబ్బరు అడిగి తీసుకుని ఆ చుక్కా, ఆ మాటా చెరిపేశారు. పొడి ఊదారు. రికార్డు మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు. సిరా ఆరడానికి ఆ పేజీ పైకెత్తి పట్టుకున్నారు. చెరిపిన చోట కాగితం పలచబడి, అవతలి పొయ్యిలో మిగిలిన నిప్పు ఎర్రగా కనిపించింది.