పది వాక్యాలు, ఒక ట్యాంకరు

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళంటే మా ఊరికి భయం, వచ్చీరానివాళ్ళంటే గర్వం. నేను రెండో రకం. అనంతపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ, గార్లదిన్నె దాటి లోపలికున్న మా ఊరికి శనివారం శనివారం బస్సులో వచ్చేదాన్ని. దిగేటప్పుడు కండక్టరుకు తప్పకుండా ‘థాంక్యూ’ చెప్పేదాన్ని. (మొదటిసారి ఆయన కంగారుపడి, ‘ఏమైనా మర్సిపోయినావా పాపా?’ అని బస్సు ఆపేశాడు.)

ఆ ఏడు వేసవి సెలవులకు మా ఇంగ్లీషు సారు ఒక పని అప్పగించారు. నలుగురూ వాడే ఇంగ్లీషు మాట ఒకటి ఎంచుకోవాలి. దాన్ని పది వాక్యాల్లో, నిజమైన మనుషులతో, నిజంగా అవసరమైనప్పుడు వాడాలి. ఎవరితో, ఏ సందర్భంలో అన్నామో నోటుపుస్తకంలో రాసుకుని రావాలి. గైడు చూసి రాస్తే సున్నా. నేను తెలివిగా అన్నిటికంటే పొట్టి మాట ఎంచుకున్నాను, ‘నో ప్రాబ్లమ్’. అవతలివాళ్ళు మొహమాటపడినప్పుడు ‘పరవాలేదు లెండి’ అనడానికి వాడాలని సారు చెప్పారు. తీరా ఊరికొచ్చాక తెలిసింది, మా వీధిలో మొహమాటపడేవాళ్ళే లేరని. పక్కింటి పెద్దమ్మ మా చాట అడక్కుండానే తీసుకుపోయేది, అడిగితే తిరిగి ఇచ్చేది. సెలవులు సగం అయిపోయినా నా పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది, అదీ నా కాలు తొక్కిన మేకతో అన్నది. (మేకను నిజమైన మనిషిగా సారు ఒప్పుకోరేమోనని తర్వాత కొట్టేశాను.)

అప్పటికి ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయాయి. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చేది, ఇంటికి ఆరు బిందెలు. ఏయే ఊళ్ళకు ట్యాంకరు అవసరమో చూసి జాబితా రాయడానికి ఒక ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ జాబితాలో పేరు లేకపోతే ట్యాంకరు ఆగిపోతుంది. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. మా మాటలు ఆయనకు ఇంగ్లీషులో చెప్పాల్సిన గుమాస్తా బండి దారిలో పంచరై, జీపు ఒక్కటే మా వీధిలో వచ్చి ఆగింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే మా నాయన నన్ను ముందుకు తోశాడు. ‘మా పాప ఉండాది సారూ, గడగడా మాట్లాడతాది’ అన్నాడు. తర్వాత నా చెవిలో, ‘నీళ్ళ సంగతి చెప్పు, మర్సిపోవద్దు’ అన్నాడు.

మర్చిపోయే ఉద్దేశం నాకు లేదు. కానీ జీపు దిగిన మనిషి ఎంత మర్యాదస్తుడంటే, ప్రతి అడుగుకూ మొహమాటపడుతున్నాడు! పెద్ద మనిషి వస్తున్నాడని ఆడవాళ్ళు తెల్లారేసరికి వీధంతా కళ్ళాపి చల్లేశారు. మా అవ్వ ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నిండు బిందె తెచ్చి పెట్టింది. ‘వద్దు వద్దు, నీళ్ళు దండగ’ అని ఆయన ఇంగ్లీషులో అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది. ‘నో ప్రాబ్లమ్ సార్!’ అన్నాను. ఒకటి. మజ్జిగ వద్దన్నాడు, సంగటీ చెనక్కాయ చట్నీ పెడితే మీకెందుకు శ్రమ అన్నాడు, చేతులు కడుక్కోవడానికి చెంబు చాలన్నాడు. డ్రైవరు జీపుకు పోయడానికి కాసిని నీళ్ళు దొరుకుతాయా అని అడిగితే, పక్కింటి పెద్దమ్మ మాకంటే తక్కువ కాదని బిందె మోసుకొచ్చింది. నేను అన్నిటికీ టకటకా జవాబు చెప్పాను. నాయన రెండుసార్లు మోచేత్తో పొడిచాడు. ‘చెప్తా ఉండు నాయనా, ఆయప్పను అన్నం తిననీ’ అన్నాను. అప్పటికి నేను ఎనిమిదిలో ఉన్నాను. జీపు ఎక్కుతూ ఆయన చేతులు జోడించి, మీ అందరికీ చాలా శ్రమ ఇచ్చానన్నాడు. పది! జీపు వీధి మలుపు తిరిగాక, నేను ఇంట్లోకి పరుగెత్తి పుస్తకంలో రాసుకుంటుంటే నాయన గడపలోకొచ్చి నిలబడ్డాడు. ‘నీళ్ళ సంగతి చెప్పినావా?’ అన్నాడు. నా పెన్ను ఆగిపోయింది.

గురువారం ట్యాంకరు రాలేదు. గుమాస్తా వచ్చాడు. ‘ఏం చేస్తిరప్పా మీరు? వీధి నిండా నీళ్ళు చల్లినారంట, కాళ్ళకు బిందె, జీపుకు బిందె! ఏమడిగినా మీ పాప పరవాలేదు అనిందంట. ఆయప్ప లిస్టులో మీ ఊరు కొట్టేసినాడు’ అన్నాడు. వీధి వీధంతా నావైపు తిరిగింది. పెద్దమ్మ, ‘బాగా సదువుకున్నావులే తల్లీ, బిందె ఎత్తుకో’ అంది. ఆ వారం మైలు దూరంలో ఉన్న ఒక తోట బావి నుంచి నేనే అందరికంటే ఎక్కువ బిందెలు మోశాను. ఎవరూ మొయ్యమనలేదు. నాకే సిగ్గేసింది. చీకటితో లేచి నడిచే ముసలివాళ్ళను చూస్తే ఏడుపొచ్చేది.

సోమవారం నాయన, అవ్వ, నేను అనంతపురంలో ఆ ఆఫీసరు గదికి వెళ్ళాం. బస్సులో దారిపొడుగునా ఇంగ్లీషులో చెప్పాల్సింది వల్లించాను. ఆయన మమ్మల్ని గుర్తుపట్టి, లేచి కుర్చీలు వేయించి, ముగ్గురికీ మూడు గ్లాసుల నీళ్ళు తెప్పించాడు. నేను నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. పోయినసారి మా ఇంట్లో అన్నం తిన్న మనిషి ముందు కూర్చుని, మాకు తాగడానికి నీళ్ళు లేవని ఎలా చెప్పడం? నాలుక ఇంగ్లీషుకే కాదు, తెలుగుకూ తిరగలేదు.

ఇంతలో అవ్వ తన గ్లాసులో సగం తాగి, సంచిలోంచి ప్లాస్టిక్ బాటిలు తీసి, మిగతా సగం అందులో పోసుకుంది. నాయన గ్లాసు అడుగున మిగిలింది కూడా పోసింది. నా గ్లాసు చేతికిచ్చి, ‘తాగు, పారబోస్తారు’ అంది. చుక్క కింద పడకుండా మూత బిగించింది. ఆఫీసరు ఆ బాటిలు వైపు చూసి నాతో, ‘మరి ఆ రోజు నాకు అన్ని నీళ్ళు ఎందుకిచ్చారు? మీ అవ్వను అడుగు’ అన్నాడు. అడిగాను. అవ్వకు కోపమొచ్చింది. ‘ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళు లేవని ఎట్ల చెప్తారు? లేవు గాబట్టే గదా ఆయప్ప వచ్చినాడు, ఆ మాత్రం తెలీదా?’ అంది. నేను అదంతా ఇంగ్లీషులో చెప్పలేక, ‘మీరు మా చుట్టం కదా సార్’ అని మాత్రం అన్నాను. అది నా పుస్తకంలో లేని వాక్యం. ఆయన కాగితాలు ముందుకు లాక్కుని మా ఊరి పేరు మళ్ళీ రాశాడు.

కాలేజీ తెరిచాక సారు నా పది వాక్యాలూ చదివి, ‘అన్నీ సరైన సందర్భాలే’ అని ఎర్ర సిరాతో రాసి పదికి పది వేశారు. ఆ పేజీ ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ట్యాంకరు తిరిగి వచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. చెమటతో తడిసి దిగిన డ్రైవరుకు మా అవ్వ అందరికంటే ముందు నిండు చెంబు అందించింది. ‘వద్దవ్వా, మీకే చాలవు’ అన్నాడు అతను. బిందెల వరసంతా ఒక్కసారిగా తిరిగి నావైపు చూసింది. నేను పైట కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తాను.

ఇప్పుడు నేను గుంతకల్లులో ఉద్యోగం చేస్తున్నాను. ఇబ్బంది ఉందని ఇంగ్లీషులో చెప్పడానికి ఇరవై రకాలు తెలుసు, పై అధికారులకు రోజూ రాస్తూనే ఉంటాను. మొన్న ఎండాకాలం కుళాయి రాని నాలుగో రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. ఆ ఇరవైలో ఒక్కటీ నోటికి రాలేదు, తెలుగులోనూ రాలేదు. స్నానానికి నీళ్ళు తోడి పెట్టాను.