వరదొచ్చిన ఆషాఢం

బడి పిల్లలకి వేసవి సెలవులున్నట్టే, మా రోజుల్లో కొత్త కోడళ్ళకి ఆషాఢం సెలవులుండేవి. పెళ్ళయిన మొదటి ఏడు ఆ నెలలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గాని వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, తలకి ఆముదం రాసుకుని అరుగు మీద కాళ్ళు చాపుకోవచ్చు, కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

నా సెలవు మా లంకలో గడిచింది. స్వరాజ్యం వచ్చిన ఒకటి రెండేళ్ళకి అనుకోండి. గౌతమి నడిమధ్యన మా లంక. చుట్టూ నీళ్ళు, నడుమ కొబ్బరి, అరటి, పొగాకు, పట్టుమని ముప్ఫై గడప లేని ఊరు. అవతలి రేవులో దిగి కొత్తపేట వైపు బండిలో కాసేపు వెళితే మా అత్తవారి ఊరు. మా అరుగు మీద నుంచి చూస్తే ఆ వైపు కొబ్బరితోటలు కనిపించేవి. అంత దగ్గరైనా, ఆషాఢం వచ్చిందంటే అదో దేశం, ఇదో దేశం.

నిజం చెప్పొద్దూ, ఆ దూరం నాకు హాయిగానే ఉండేది. మా అత్తగారు మనిషి పొడుగు, మాట పొట్టి. కాపురానికి వెళ్ళిన ఆ కొద్ది వారాల్లో ఆవిడ నవ్వగా నేను చూడలేదు. నేను పులుసు పెడితే నాలిక్కి రాసుకుని "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ"కి బాగుందని అర్థమో, బాగాలేదని అర్థమో తెలియక, గిన్నె కడిగి బోర్లించేదాకా నా గుండె పీచుపీచుమంటూ ఉండేది.

మా అమ్మ భయం వేరు. అంతకుముందు నాకు రెండు సంబంధాలు తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయాయి. అమ్మ మురమళ్ళ వెళ్ళి, వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తానని మొక్కుకున్నాక ఈ సంబంధం కుదిరింది. అప్పటినుంచి నా కాపురం ఆవిడకి నిండు పాలకుండ. తొణికితే చాలు, ప్రాణం పోతుందన్నట్టు ఉండేది. ఆషాఢంలో ఒకే గడప దాటిన అత్తాకోడళ్ళలో ఎవరో ఒకరికి కీడు జరుగుతుందని ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఇక చూడండి.

ఆ ఏడు ఎర్రనీరు ముందుగానే దిగింది. గోదారికి కొత్త నీరు రావడం మాకు పండగలాంటిదే. కొట్టుకొచ్చే దుంగల్ని ఒడ్డుకి లాగుతూ మగవాళ్ళు సరదాగా ఉండేవారు. కానీ ఆ రోజు పొద్దున్నే దండోరా వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు విపరీతంగా ఎక్కిందట, లంకలవాళ్ళంతా గట్టుకి చేరాలట. దుంగల మాట అందరూ మర్చిపోయారు. లంక సగానికి సగం మునుగుతుందని ఒకడు, గట్టే తెగిందని మరొకడు. తలో మాటా అని ఊరిని హడలగొట్టారు.

వరదొస్తే మా వాళ్ళు ముందు పశువుల్ని దాటిస్తారు, తరవాత మనుషుల్ని. నాన్న పాడిగేదెల్నీ ఎడ్లనీ పడవ ఎక్కిస్తూ అమ్మతో చెప్పాడు.

"రెండో పడవలో అమ్మాయినీ అమ్మనీ తీసుకుని నువ్వూ వచ్చెయ్. వియ్యాలవారింటికి పోదాం. ఈ వానలో గట్టు మీద మా అమ్మ బతకదు."

అమ్మంటే మా మామ్మ, నాన్నని కన్నతల్లి. కాళ్ళు పడిపోయి మంచానికే పరిమితం. పైగా ఉబ్బసం. చల్లగాలి తగిలితే ఊపిరి అందేది కాదు. నోరు మాత్రం నిక్షేపంగా ఉండేది.

రెండో పడవ వచ్చింది. అమ్మ ఎక్కలేదు, మమ్మల్ని ఎక్కనివ్వలేదు. "ఆషాఢంలో పిల్లని తీసికెళ్ళి వాళ్ళత్తగారి గడప తొక్కించమంటారా?" అని పడవవాళ్ళ మీద విరుచుకుపడింది. వాళ్ళు ఇరుగుపొరుగుని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నాన్న అవతలి గట్టున చిక్కుకున్నాడు. పడవ మళ్ళీ వస్తుందని మేం చూస్తూనే ఉన్నాం. నీరు పెరట్లో అరటి మొదళ్ళకి వచ్చింది, ఆ పైన వాకిట్లోకి వచ్చింది, అరుగు మొదటి మెట్టు కనబడకుండా పోయింది.

"బతికుంటే బలుసాకు తినొచ్చే. లేచి గట్టుకి పోయే దారి చూడు" అంది మామ్మ.

"వరద ఇంతకంటే పెరగదు లెండత్తయ్యగారూ" అంది అమ్మ. అంటూనే బియ్యం బస్తా అటక మీదికి తొయ్యడం మొదలెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే. "నా కాపురం సంగతి తరవాత, ముందు మామ్మ మునిగిపోతుంది" అని అరిచాను. అమ్మ నా వైపు చూడకుండా, "నీ కాపురం పోతే నేను బతికుండి ఎవరికి లాభం" అంది. ఆ మాటతో నాకు అర్థమైంది. మొండితనం అనుకుంటున్నాను గాని, ఆవిడ నా కోసం చావడానికి కూర్చుంది.

మధ్యాహ్నానికి వాకిట్లోకి ఒక పడవ వచ్చింది. తెడ్లు వేస్తున్న ఇద్దరి ముందు, తలగుడ్డ తడిసి ముద్దై నిలబడింది మా ఆయన. ఆయన్ని చూడగానే అమ్మ గభాలున తలుపు చాటుకి పోయింది. ఆ రోజుల్లో అత్తగారు అల్లుడి కంట పడకూడదు మరి. ఆయన పడవ తాడు కొబ్బరిచెట్టుకి కట్టి, మోకాలి లోతు నీళ్ళలో దిగి, అరుగు ఎక్కి, గడప ముందు ఆగిపోయారు. లోపల నేను ఉన్నాను, మంచం మీద మామ్మ ఉంది, తలుపు వెనక అమ్మ ఉంది. ఆయన చూపు మాత్రం మామ్మ మీదే.

"మామ్మగారండీ, అత్తయ్యగారితో చెప్పండి. మామయ్యగారి కబురు విని, మిమ్మల్ని ముగ్గుర్నీ తీసుకురమ్మని మా అమ్మ పంపించిందండి."

"వినబడిందటే?" అంది మామ్మ తలుపు వైపు.

"అల్లుడుగారితో చెప్పండత్తయ్యగారూ. పిల్ల ఆ గడప తొక్కడానికి వీల్లేదు. నేనిక్కడే ఉంటాను" అంది తలుపు.

"వినబడిందా నాయనా?" అంది మామ్మ.

"ఆయ్, వినబడిందండి. మిగతాదంతా తను చూసుకుంటానందండి మా అమ్మ."

"ఏం చూసుకుంటారట? పంచాంగం మార్పిస్తారటా?" అంది తలుపు.

గడపకి అటూ ఇటూ నలుగురం, మధ్యలో మామ్మ పోస్టాఫీసు. ఆవిడకి విసుగొచ్చింది. "గోదారి గడప ఎక్కబోతుంటే మీకు ఆషాఢం ఏంటర్రా. దాన్ని కూడా శ్రావణంలో రమ్మని చెప్పండి" అని దగ్గుతో మెలికలు తిరిగింది. ఆ దగ్గు ఎంతకీ ఆగదు. ఆయన రెండు చేతులతో గుమ్మం పట్టుకున్నారు. కాలు మాత్రం లోపల పెట్టలేదు. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం, పాపం ఆయన పని.

చివరికి నెమ్మదిగా అన్నారు. "మీరు ముగ్గురూ లేకుండా వస్తే నన్ను ఇంటికి రావద్దందండి మా అమ్మ. అంచేత నేనూ ఇక్కడే ఉంటానండి."

అని అరుగు చివర కూర్చున్నారు. నీళ్ళు రెండో మెట్టుకి వచ్చాయి. తలుపు వెనక అమ్మ గాజులు కదిలిన చప్పుడైంది. కూతురి కాపురం కోసం తను మునగడానికి సిద్ధపడిన మనిషి, అల్లుణ్ణి ముంచుతుందా?

"గట్టు దాకా వస్తానని చెప్పండి. ఆ ఊళ్ళోకి మాత్రం రాను" అంది.

మామ్మని గడప దాటించడం ఒక ప్రహసనం. నేనూ అమ్మా మంచం గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాం. అమ్మ మొహం మీదికి కొంగు లాక్కుని వెనక్కి తప్పుకుంది. ఆయన బయటే నిలబడి, నడుం వంచి, రెండు చేతులూ లోపలికి చాపి మామ్మని పసిపిల్లలా ఎత్తుకున్నారు. గడపకి కాలి బొటనవేలు కూడా తగలనివ్వలేదు. పెళ్ళయ్యాక ఆయన్ని అంత తేరిపార చూడ్డం నాకదే మొదలు. మంచివాడే అనుకున్నాను. పడవలో అమ్మ ఆయనకి వీపు పెట్టి, కొంగు కప్పుకుని కూర్చుంది. సుడులు తిరిగే ఎర్రనీళ్ళకి కూడా ఆవిడ అంత భయపడినట్టు లేదు.

గట్టు మీద నాన్న కనబడ్డాడు, గేదెల మధ్య, వణుకుతూ. అమ్మ అక్కడే కూలబడబోయింది గాని మామ్మ పెదాలు నల్లబడుతున్నాయి. నాన్న అమ్మని రెక్క పట్టుకుని బండి ఎక్కించాడు. మా అత్తవారి వాకిట్లో బండి ఆగింది. ఆయన మామ్మని ఎత్తుకుని లోపలికి తీసికెళ్ళారు. అమ్మ దిగలేదు, నన్ను దిగనివ్వలేదు. వానకి బండి గూడు కారుతోంది. నా మణికట్టు చుట్టూ ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

అప్పుడు వాకిట్లో ఎడం పక్కనున్న పశువుల సావిట్లోంచి, తడిక వెనకనుంచి, మా అత్తగారి గొంతు వినబడింది.

"వదినగారండీ, దిగండి. ఇంట్లో నేను లేనండి. అబ్బాయి పడవ ఎక్కిన కాణ్ణించీ ఇక్కడే ఉన్నానండి. గడప ఖాళీగా ఉంది, పిల్లని తీసుకుని వెళ్ళండి."

అమ్మ వేళ్ళు వదులయ్యాయి. కొంగులో మొహం పెట్టుకుని బండిలోనే బావురుమంది. నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇంట్లో పొయ్యి వెచ్చగా ఉంది. వండి వార్చిన అన్నం, మునగాకు పప్పు, దండెం మీద పొడి చీరలు, మామ్మకి కుంపటి పక్కనే మంచం. బండారులంక నేత చీర ఒకటి విడిగా మడతపెట్టి ఉంది, నా కోసమేనని ఆయన చెప్పారు. ఆ పెద్దింట్లో పుట్టెడు జనం పట్టే చోటుంది, ఇంటావిడకి మాత్రం చోటు లేదు. వరద తీసేదాకా ఆవిడ రెండు ఆవుల పక్కన, ఈగలూ దోమల మధ్య పడుకున్నారు. మూడు రాళ్ళ పొయ్యి మీద తన అన్నం తనే వండుకున్నారు. ఆ తడిక దాటి ఇటు రాలేదు. పొద్దున్నా సాయంత్రం అమ్మ వెళ్ళి తడిక దగ్గర కూర్చునేది. ఇద్దరు వియ్యపురాళ్ళూ ఏం చెప్పుకునేవారో గాని, వెళ్ళేటప్పుడు బిక్కుబిక్కుమంటూ వెళ్ళే అమ్మ తేలిగ్గా తిరిగొచ్చేది.

ఇంతా చేస్తే, మా లంక ఇంట్లోకి నీరు రానేలేదు. అరుగు చివరి మెట్టు దాకా వచ్చి, అక్కడ బురద పూసి తీసిపోయింది. తిరిగి వెళ్ళాక అమ్మ ఆ మెట్టు చూసి, "నే చెప్పలేదూ, ఇంతకంటే పెరగదని" అంది. మామ్మ ఉబ్బసమున్నా మానని చుట్ట నోట్లోంచి తీసి ఏదో అనబోయి, అమ్మ మొహం చూసి ఊరుకుంది. మామ్మ ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే.

శ్రావణం వచ్చాక సారెతో నన్ను దిగబెట్టారు. నేను బండి దిగేసరికి మా అత్తగారు వాకిట్లో ఆవులకి మేత వేస్తున్నారు. చేతుల నిండా దోమకాటు మచ్చలు, ఇంకా మానలేదు. నా వైపు చూసి "ఊఁ" అన్నారు. నేను గడప దాకా వెళ్ళి ఆగిపోయాను. వెనక్కి తిరిగి, ఇక ఉండబట్టలేక అనేశాను.

"లోపలికి రండి అత్తయ్యగారూ."

ఆవిడ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "నా ఇంట్లోకి నువ్వు నన్ను పిలుస్తున్నావా?" అన్నారు.

"అవునండి. మీరు బయటే ఉండిపోయారండి" అన్నాను.

అప్పుడు నవ్వారు. నేను చూడ్డం అదే మొదలు. చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. నువ్వు ముందంటే మీరు ముందనుకుని, చివరికి ఇద్దరం కలిసే గడప దాటాం.