కట్టని ఇంటికి కట్టిన ధర

అరవయ్యో దశకం మొదట్లో నేను నెల్లూరులో ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసేదాన్ని. మా వీధిలోనే ఒక కంట్రాక్టరు ఉండేవాడు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, నాకు అన్న వరస. ఒక ఆదివారం ఉదయం ఆయన చంకలో చుట్టిన నీలం ప్లాను కాగితంతో మా ఇంటికి వచ్చి కాఫీ తాగినాక అసలు సంగతి చెప్పాడు.

"కొడవలూరులో ఒకాయన మిద్దె కట్టిస్తుండాడమ్మా. ప్లాను చూపిస్తే, ఈ గీతలు నాకు అర్థం కాలేదు, ఇల్లు ఎట్టా ఉంటాదో చూపించు అంటుండాడు. కట్టకముందు ఎట్టా చూపించేది? నువ్వు బొమ్మ వేసి ఇయ్యగలవా?"

బడిలో పిల్లలకు పూలకుండీలు, కూజాలు నేర్పి నేర్పి విసుగెత్తి ఉన్నాను. డ్రాయింగు పరీక్షకు చదువుకున్న రోజుల్లో దగ్గరి వస్తువు పెద్దగా, దూరపు వస్తువు చిన్నగా కొలత ప్రకారం గీయడం నాకు మహా ఇష్టంగా ఉండేది. సరేనన్నాను. ఆ వారం సాయంత్రాలన్నీ దానికే పోయాయి. ప్లానులో ఉన్న గోడలను కాగితం మీద నిలబెట్టాను. వరండాలో నీడ వేశాను. గుమ్మం ముందు రెండు అరటిచెట్లు, వాకిట్లో ఒక ఆవు. ఆవు ప్లానులో లేదు, నేనే కట్టేశాను.

కొడవలూరు ఆయన చూసి చాలా సంతోషించాడట. "ఎంత ఇమ్మంటావమ్మా?" అని కంట్రాక్టరు అడిగాడు. బడి జీతం నెల మొదట్లో వాళ్లే ఇస్తారు, అడిగే పని లేదు. ఒక మనిషి ఎదురుగా నిలబడి నా పనికి ధర చెప్పమనడం అదే మొదలు. "మీ ఇష్టం అన్నా" అన్నాను. ఆయన అయిదు రూపాయలు తెచ్చి ఇచ్చాడు. ఆ డబ్బుతో పిల్లలకు పలకలు, నాకు కుంచెలు కొనుక్కున్నాను. ఎంతో గొప్పగా అనిపించింది.

తర్వాత కొన్నాళ్లకు మా అత్తగారి ఫోటోకు పటం కట్టించడానికి నేనూ మా ఆయనా బజారుకు వెళ్లాం. పటాలు కట్టే సాయిబు గారి దుకాణంలో, గోడకు ఆనించి, టేకు చట్రంలో, అద్దం కింద నా ఆవు కనిపించింది. అరటిచెట్లూ వరండా నీడా అన్నీ ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే అది నేను వేసినదానికంటే బాగున్నట్టు అనిపించింది.

"కొడవలూరు ఆసామి ఇచ్చిపోయినారమ్మా" అన్నారు సాయిబు గారు. "మంచి చట్రం కట్టమన్నారు."

"చట్రం ఎంతండీ?" అని మా ఆయన అడిగాడు.

"తొమ్మిది రూపాయలు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్తగారి ఫోటో వైపు చూశాను. దుకాణం దాటి నాలుగడుగులు వేశామో లేదో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. రోడ్డు పక్కన నిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. బొమ్మ కంటే దాని చుట్టూ ఉన్న కర్రకు ఎక్కువ. కోపం రాలేదు గాని, ఇంటికి వచ్చేసరికి మాత్రం ఈ పనికి ఒక ధర తేల్చుకోవాలని గట్టిగా అనిపించింది.

ఎంతని తేల్చేది? ఊళ్లో ఈ పని చేసేవాళ్లు మరొకరు లేరు, అడిగి తెలుసుకోవడానికి. బోర్డులు రాసేవాళ్లు అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. సినిమా బొమ్మలు వేసేవాళ్లు అడుగుకు ఇంత అంటారు. నేను కిటికీకి ఇంత అనాలా? ఆ లెక్కన అందరూ కిటికీలు లేని ఇళ్లు కట్టుకుంటారని మా ఆయన అన్నాడు. చివరికి ఆయనే దారి చెప్పాడు.

"కంసాలి ఏం చేస్తాడు? బంగారం ఖరీదు వేరు, మజూరీ వేరు, తరుగు వేరు. నీ కాగితం, రంగులూ బంగారం అనుకో. నీ సాయంత్రాలు మజూరీ."

"మరి తరుగు?"

"అది నాకు తెలియదు. ఎక్కడో ఒకచోట తరుగుతావులే."

సాయంత్రాలకు బడి జీతంతో పోల్చి వెల కట్టాను. పాతిక తేలింది. ఆ అంకె చూసి నాకే భయం వేసింది. రాత్రి వంట చేస్తూ "పాతిక, పాతిక" అని పైకి అని చూసుకున్నాను. పిల్లలు విని ఏందమ్మా అని అడిగారు.

కంట్రాక్టరు మళ్లీ వచ్చినప్పుడు, పొయ్యి దగ్గర అలవాటు చేసుకున్న గొంతుతోనే చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పాతికా? అట్టా అంటే ఎట్టాగమ్మా? ఎవరిస్తారు?"

"ఇచ్చేవాళ్లకే వేస్తానన్నా. చట్రానికే తొమ్మిది ఇచ్చినారు గదా."

ఆయన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని, "తోటపల్లి గూడూరులో అన్నదమ్ములు ఉండారు. ఇద్దరూ కలిసి కట్టిస్తుండారు. అడిగి చూస్తా" అన్నాడు.

అన్నదమ్ములు ఒప్పుకున్నారు. పొలాలు బాగా పండిన సంవత్సరం అది. బొమ్మ వేసి ఇచ్చాను. తరుగు ఏమిటో అప్పుడు తెలిసింది. అన్నకు వరండాలో గుండ్రటి స్తంభాలు కావాలి. వేసి ఇచ్చాను. తమ్ముడికి స్తంభాలు వద్దు, మేడ మీద ఒక గది కావాలి. మళ్లీ వేశాను. అన్నకు మేడగది సరేగాని స్తంభాలు తిరిగి రావాలి. తమ్ముడికి స్తంభాలు సరేగాని గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉండాలి. ఇద్దరూ విడివిడిగా బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాళ్లు. ఒకరు వచ్చిపోయిన సంగతి రెండోవారికి తెలియదు. మా ఆయన వాళ్లను చూడగానే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒకరోజు ఇద్దరినీ కలిసి రమ్మని కబురు పంపాను. వచ్చి కూర్చున్నారు. మజ్జిగ ఇచ్చి చెప్పాను.

"అన్నా, పాతికలో ఒక బొమ్మ, రెండు మార్పులు. అవి ఎప్పుడో అయిపోయినాయి. ఇంక నుంచి మార్పుకు అయిదు రూపాయలు."

అన్న నొచ్చుకున్నాడు. "మార్చేదానికి కూడా డబ్బులా? ఉన్న బొమ్మే గదమ్మా."

"ఉన్న బొమ్మ మీద చెరిపితే కాగితం చిరుగుతాది. మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సిందే."

మజ్జిగ తాగి ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. లోపలికి వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఇంతకాలం నాతో చెప్పిన మాటలన్నీ మొదటిసారి ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. "నీకు స్తంభాలంటే అంత ఇష్టమని నాకెందుకు చెప్పలేదు" అన్నాడు తమ్ముడు. "నువ్వు అడిగినావా" అన్నాడు అన్న. వాళ్లు లోపలికి వచ్చేసరికి ఇల్లు తేలిపోయింది. గుండ్రటి స్తంభాలు, మేడ మీద గది. ఆ చివరి మార్పుకు అయిదు రూపాయలూ అన్నే అక్కడికక్కడ ఇచ్చాడు.

పని అయిందనుకున్నాను. వారం తిరక్కుండా అన్నగారి భార్య చీరలు కొనడానికి నెల్లూరు వచ్చి మా ఇంటికి కూడా వచ్చింది. బొమ్మ చుట్టి తనతో తెచ్చుకుంది. "మావాళ్లు నిన్ననే నాకు చూపించినారు. ప్లాను ఎన్నడూ చూపించలేదు. చూపించినా నాకు తెలియదనుకో" అంటూ చాప మీద పరిచింది.

"బాగుండాది. కానీ ఈ పొగ ఎట్టా పోతుండాది?"

బొమ్మకు కళగా ఉంటుందని వంటింటి పొగగొట్టం నుంచి సన్నని పొగ వేశాను. నిలువుగా ఆకాశంలోకి పోతోంది.

"మా ఊళ్లో పొగ ఇట్టా నిలువుగా ఏనాడూ పోలేదు" అంది ఆమె. "మధ్యాహ్నమైతే సముద్రం మీది నుంచి గాలి కొడతాది. వంటిల్లు ఆగ్నేయాన పెట్టినారు గదా, పొగంతా హాలులోకే వస్తాది. ఇప్పుడుండే ఇంట్లో అదే బాధ. మా అత్తకు దగ్గు."

ఇద్దరం బొమ్మ మీద వంగి చాలాసేపు మాట్లాడుకున్నాం. వంటిల్లు కదపకుండా, దానికీ హాలుకూ మధ్య పైకప్పు లేని చిన్న వాకిలి వదిలితే పొగ అక్కడి నుంచే పైకి పోతుందని తేలింది. అప్పటికి పునాదులు మాత్రమే తవ్వారు. గోడలు లేచాక అయితే ఎవరూ వినేవాళ్లు కాదు. మళ్లీ బొమ్మ వేశాను. ఈసారి పొగను పడమటికి వంచాను.

ఆమె కొంగు ముడి విప్పబోయింది. "మార్పుకు అయిదంట గదా."

"ఇది మార్పు కాదక్కా. నేను ముందే మీ ఊరొచ్చి మిమ్మల్ని అడగాల్సింది. దీనికి తీసుకోను."

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. స్థలం చూడకుండా, ఆ ఇంట్లో వంట చేసే మనిషితో మాట్లాడకుండా పెన్సిలు పట్టేదాన్ని కాదు. బస్సు చార్జీ, ఆ పూట పని కలిపి ధర ముప్పై చేశాను. కొందరు వినగానే లేచిపోయేవాళ్లు. మొదట్లో వాళ్లను వెనక్కి పిలవాలని నాలుక దురద పెట్టేది. మెల్లగా అదీ పోయింది. కంట్రాక్టరు కూడా బేరం మానేసి, "ముప్పై, దాంట్లో రెండు మార్పులు" అని నాకంటే ధీమాగా చెప్పడం మొదలుపెట్టాడు.

తోటపల్లి గూడూరు గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచారు. గాలి జోరుగా ఉంది. వందమంది వంట జరుగుతున్నా హాలులో పొగ వాసన లేదు. అన్నదమ్ముల తల్లి మంచం మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఆ వాకిలి చూపిస్తోంది. భోజనాల దగ్గర అన్న నన్ను బంధువులకు పరిచయం చేశాడు.

"ఇల్లు కట్టకముందే చూపించేది ఈయమ్మే. ముప్పై తీసుకుంటాది. బేరమాడబాకండి, ఆడినా వినదు. మేం ఇద్దరం ఆడి చూసినాం."

పంక్తిలో అందరూ నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా, తినడం ఆపి, తన స్థలం ఈ వీధి చివరే ఉందని, పోతూ పోతూ చూసి పొమ్మని అడిగాడు. భోజనం కాగానే వెళ్లాం. ఆయన భార్యను కూడా పిలిపించమన్నాను. ఆమె వచ్చి గట్టు మీద నిలబడి గాలి ఎటు నుంచి వస్తుందో చెయ్యి చాపి చూపిస్తుంటే, నేను సంచిలోంచి తీసిన కొలత టేపు రెండో కొసను మా ఆయన అడగకుండానే పట్టుకుని, స్థలం అంచున ఉన్న తుమ్మచెట్టు వైపు నడిచాడు.