ఖాళీ ఊరికి పెళ్లి పిలుపు

మా అక్కను కడపకు తెచ్చేసుకోవాలని మొన్న మాఘంలో బయలుదేరాను. అహోబిలం చుట్టుపక్కల పల్లెల్లో పారువేట చూడాలనుకునే వారికి ఈ దారి పనికొస్తుందని రాస్తున్నాను గానీ, నేను మాత్రం దేవుణ్ణి చూడ్డానికి పోలేదు. వరసగా మూడో ఏడూ వాన లేదు. బావ పోయాక అక్క ఒంటరిది. ఊరంతా పొట్ట చేతబట్టుకుని కోస్తా పక్క కూలికి పోయిందనీ, ఆమె మాత్రం కదలనంటోందనీ కబురొచ్చింది. ఇంకో నెల అక్కడే ఉంటే మనిషి దక్కదని నా భయం.

కడపలో తెల్లారకముందే బస్సెక్కితే మైదుకూరు, చాగలమర్రి మీదుగా పదింటికల్లా ఆళ్లగడ్డలో దిగొచ్చు. చార్జీ రూపాయిన్నర. అక్కడి నుంచి ఒంటెద్దు బండి. ముప్పావలా అడిగినవాడు అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు. ఎద్దు డొక్కలు చూశాక బేరమాడినందుకు నాకే సిగ్గేసింది. దారి పొడుగునా చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి.

“ఆ ఊరికి ఎందుకప్పా పోతాండావు? ఆడ కాకులు గూడా లేవు,” అన్నాడు బండివాడు.

“మా అక్క ఉండాది.”

“ఓ, ఆయమ్మనా! స్వామి వస్తాడని కూచోనుండాది,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తెలియనివారికి చెబుతాను. కనుమ వెళ్లాక అహోబిలం నరసింహస్వామి పల్లకీలో ఊరూరా తిరిగి, తన పెళ్లికి జనాన్ని తానే పిలుచుకుంటాడు. అదే పారువేట. పల్లకీ దించే అరుగును ‘తెలుపు’ అంటారు. నేను చేరేసరికి అక్క ఆ తెలుపునే కడుగుతోంది. అదీ తాగే నీళ్లతో! మైలు దూరం పోయి, వాగులో చెలమ తోడి తెచ్చుకున్న నీళ్లు. నాకు ఒళ్లు మండింది.

“కరువులో అధికమాసమన్నట్టు ఇదొకటా నీకు? గొంతు తడుపుకోను నీళ్లు లేకుంటే రాళ్లకు స్నానమా?”

“పిల్చనీకి వచ్చేటోడు దుమ్ములో కూచుంటాడారా? ముందు నువ్వింత గంజి తాగు,” అంది. చేయి పట్టుకుంటే ఎముకలే తగిలాయి. స్వామి వచ్చి పోయాక నాతో వస్తావా అంటే, “రానీలేరా,” అంది.

పొద్దు వాలుతుండగా డప్పు వినబడింది. పల్లకీకి ఎదురు పోవడానికి అక్క, నేను, ఒక ముసలి కుక్క. తాళాలేసిన ఇళ్ల మధ్యే ఆ డప్పు మోగుతూ వచ్చింది.

అర్చకులు చుట్టూ చూశారు. “ఊళ్లో ఎవరూ లేరా తల్లీ?”

“అందరూ ఉండారు స్వామీ. పనికి పోయినారు, అంతే.” అక్క ఒక్కో తలుపు వైపూ చేయి చూపడం మొదలుపెట్టింది. “ఇది కుమ్మరోళ్లది. వాళ్ల పిల్లకు కాన్పయింది, బిడ్డనెత్తుకోని వస్తారు. అది సుంకన్న ఇల్లు. వాడు అందరికన్నా ముందొస్తాడు, శానా భక్తి.”

అర్చకులు ఆమెను ఆపలేదు. ఒక్కో ఇంటికని ఇన్ని అక్షతలు ఆమె కొంగులో వేస్తూ పోయారు. పొద్దుటి నుంచి నాకు కనబడింది తాళాలే. ఆమె మనుషులతో మాట్లాడుతున్నట్టే ఉంది.

పల్లకీ కదిలాక మూట కట్టుకోమన్నాను.

“యాడికిరా? పిలుపు నా చేతికిచ్చి పోయినాడు. వాళ్లొస్తే చెప్పేదెవరు?”

“వాళ్లొచ్చేదాకా నువ్వుండొద్దా అక్కా!”

“ఉంటాలే. ఇంత పని పెట్టుకోని యాడికి పోతా?”

తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. చివరికి ఒక్కణ్ణే బస్సెక్కాను.

బావ పోయాక ఆమె గొంతులో అంత గట్టితనం వినడం అదే మొదలు. దానికి సంతోషించాలో, ఆమెను తలుచుకుని ఏడవాలో ఇప్పటికీ తెలియడం లేదు. నేను చూసిందే నిజం కావచ్చు, ఆ ఊళ్లో ఎవరూ లేరు. కానీ నా చూపుతో అక్కడ ఒక్క పూట కూడా బతకలేం. ఆమె బతుకుతోంది, ఎన్నాళ్లో తెలియదు.

పోయేవారికి ఒక్క మాట. ఆళ్లగడ్డలోనే రెండు కడవల నీళ్లు నింపి బండిలో వేసుకోండి. మీరు తాగడానికి ఒకటి చాలు. రెండోది మా అక్క గడప ముందు దించి పోండి. ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, తాళం లేనిది అదొక్కటే.