పసుపు లేని నీళ్ళు

మా బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చిందని ఊరంతా నమ్ముతుంది. దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధిలోకి వస్తారు. గుమ్మం గుమ్మం ముందూ ఆ ఇంటి ముత్తయిదువ, ఘటం మోసే మనిషి పాదాల మీద పసుపు నీళ్ళు పోస్తుంది. మా వీధిలో విధవలు ఆ పూట గుమ్మంలో నిలబడేవారు కాదు. ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు. మూడో తరగతితో చదువు మానేసినదాన్ని, అడగాలని కూడా తోచలేదు. తప్పకుండా జరిగేలా చూసేవాళ్ళలో మాత్రం నేనే ముందుండేదాన్ని.

పక్కింటావిడ నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అక్కని మా వైపు పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో, ఒరియా ఒక్క ముక్క రాని నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిప్పింది ఆమే. వాళ్ళాయనకు బట్టల కొట్టు. పసుపు దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. యాత్రనాడు నేను చెంబెడు నీళ్ళలో చిటికెడు వేస్తే, ఆమె గుప్పెడు వేసేది. కొండల నుంచి తెప్పించిన మంచి పసుపు అలా కాలవలో పారిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఒక యాత్రకు మూడు నెలల ముందు వాళ్ళాయన పోయాడు. కొట్లో బట్ట కొలుస్తూ అలసటగా ఉందని కూర్చున్నవాడు మరి లేవలేదు. కర్మలన్నీ అయిన మర్నాడు ఆమె తన పసుపు డబ్బా తెచ్చి నా వంటింట్లో పెట్టింది. తనకింక పనిలేదని, వాడుకోమని చెప్పింది. వద్దనాలని నాకు తోచలేదు. ఈ ఏడు పసుపు కొనక్కర్లేదు కదా అనుకున్నాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఏడుస్తుండగా నేను చూడలేదు. ఏడ్చిన కళ్ళు మాత్రం చాలా పొద్దులు చూశాను. ఆ కళ్ళతోనే స్నానం చేసి, వాకిలి కడిగి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అప్పుడు గుక్కెడు నీళ్ళు తాగేది. దేవుడి మీద కోపం రాలేదా అని ఒకసారి అడిగాను. వచ్చిందనీ, దీపం పెడుతూనే తిడుతున్నాననీ చెప్పింది.

యాత్రనాటి పొద్దున వెళ్ళి, నీ గుమ్మం ముందు కూడా నేనే పోస్తాను, నువ్వు లోపల ఉండు అప్పా అన్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె తలెత్తకుండా చింతపండు గింజ తీసుకుంటోంది.

సాయంత్రం డప్పులు దగ్గరికొచ్చాయి. మా గుమ్మం ముందు ఆమె ఇచ్చిన పసుపుతోనే నీళ్ళు పోశాను. చెంబు మళ్ళీ నింపుకుని పక్క గుమ్మానికి తిరిగేసరికి ఆమె తెల్లచీరతో మెట్టు దిగి నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి చెంబు, అందులో ఉత్త నీళ్ళు. మా ఇంటికి అప్పుడే కొత్త కోడలు వచ్చింది. నేను చేసిన మొదటి పని ఆ పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాగడం. అప్ప అది చూసింది.

ఎదురింటి ముసలాయన, ఇదేటి పని అని గదమాయించాడు. డప్పు ఆగింది. ఆమె గొంతు పెంచలేదు.

“పసుపు ఒద్దన్నారు, మానేసినాను. నీల్లు కూడా ఒద్దని ఎవులన్నారు? పిల్ల పుట్టింటికొస్తే కాల్లకి నీల్లిచ్చేది అమ్మ. ఆ అమ్మకి మొగుడున్నాడా నేడా అని ఏ పిల్లయినా అడుగుతాదేటి?”

 ఘటం మోస్తున్న మనిషి ఒక్క క్షణం ఆగి, పాదం ముందుకు జరిపింది.

మర్నాడు నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. ఆమె ఎప్పటిలాగే మజ్జిగ తోడుకి గిన్నె పట్టుకొచ్చింది. కోడలు బాగుందా అని అడిగింది. అంతే. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

పదేళ్ళకు మావారూ పోయారు. ఆ ఏటి యాత్రకు ఆమె రెండు చెంబులు నింపుకుని మా ఇంటికొచ్చింది.

“రా సెల్లీ, అమ్మ వచ్చే ఏలయింది.”

నేను తలుపు చాటునే ఉండిపోయాను. వీధి వీధంతా నన్నే చూస్తుందనిపించింది. ఆమె బలవంతం చేయలేదు. ఒక చెంబు తన గుమ్మం ముందు, ఒకటి నా గుమ్మం ముందు పోసింది. వెనకటికి నేను చేస్తానన్న పనే. కానీ ఆమె నన్ను లోపల ఉండమనలేదు.

అప్ప పోయి నాలుగేళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో అద్దెకుంటున్నారు. ఈసారి యాత్రకు నేను పొద్దున్నుంచీ మనసు గట్టి చేసుకున్నాను. చెంబు నింపుకుని గడప దాకా వచ్చాను. మనవడు, వాడి కొత్త పెళ్ళాం అప్పటికే గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. కోడలు మెల్లగా నా రెక్క పట్టుకుంది.

“లోపలికి రా అత్తా. పెల్లయి ఆర్నెల్లు కానేదు ఆల్లకి.”

కోపంగా అనలేదు. ఆ రోజు నేను పట్టుకున్న చోటే పట్టుకుంది. అప్ప చెప్పిన మాట నాకు ఒక్క ముక్క పోకుండా గుర్తుంది, నాలుక మీదికి వచ్చింది కూడా. పద్ధతి నేర్పినదాన్ని నేనే అయినప్పుడు ఏ మొహంతో అనను?

లోపలికి వచ్చి చెంబులో నీళ్ళు తిరిగి బిందెలో పోశాను. డప్పులు మా గుమ్మం దాటి పోయాయి. నీళ్ళు వృథా చేయడం అత్తకి ఇష్టముండదని కోడలు ఆ కొత్త పిల్లకు చెబుతోంది.