మా అప్ప కొనని ఎనిమిది షేర్లు

మా అప్ప నాలుగు వందల రూపాయలు చోళ్ల కుండలో దాచుకుంది. మా వైపు అక్కను అప్ప అంటాం, రాగులను చోళ్లంటాం. పైన జానెడు మందాన చోళ్లు, అడుగున రూపాయలు. పన్నెండేళ్ల పూటకూళ్ల సంపాదన అది. బావ పోయాక సంత వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, ఘాటీ ఎక్కి వచ్చే బండివాళ్లకూ వర్తకులకూ వండిపెట్టి, ఒక్కొక్క రూపాయీ ఆ కుండలో వేసింది. ఆ పన్నెండేళ్లూ పచ్చికట్టెల పొగ ఆమె కళ్లలోకే వెళ్లింది. మన్యంలో పితూరీ అణిగిన మరుసటి ఏటికి కుడికంట ఎప్పుడూ నీరే. పట్నం వైద్యుడు మందు కూడా ఇవ్వలేదు. పొయ్యి ముందు కూర్చోవడం మానమన్నాడు, అంతే.

పొయ్యి మానితే కూడెక్కడిది? అప్ప తన లెక్క తాను వేసుకుంది. పొయ్యి చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుంటే తిండి గాక నెలకు మూడు రూపాయలు. కింద పట్నంలో ఒక అప్పుల కంపెనీ షేర్లు అమ్ముతోంది. షేరు యాభై రూపాయలు. రెండేళ్లుగా నూటికి తొమ్మిది చొప్పున లాభం పంచుతోంది. నాలుగు వందలకు ఎనిమిది షేర్లు వస్తాయి. ఏడాదికి ముప్పై ఆరు రూపాయలు, నెలకు సరిగ్గా మూడు.

"నాను బడికెల్లనేదు గాని ఈ లెక్క నాకూ వొచ్చింది. తప్పేటైనా ఉందేటిరా?" అంది.

"లెక్కలో తప్పు నేదప్పా."

"మరైతే ఈ సంత కాక పై సంతకి ఏజెంటు వొత్తాడంట. ఆడి సేతిలో పెట్టీమంటావా?"

"అప్పటికి సెబుతాను. ముందు నన్ను సూణ్ణీ."

"నువ్వు రెండు షేర్లు కొన్నప్పుడు ఇన్ని సంతలు సూసినావేటి?" అని పొయ్యిలోకి ఊదింది.

నిజమే. అంతకు ముందటి ఏడు నేను రెండు షేర్లు కొన్నాను. చూడకుండా కొనలేదు. నాది సంతలో కాటా పని. చింతపండు, వలిసెలు, పసుపు ఏది తూగినా అమ్మేవాడు సగం, కొనేవాడు సగం నా కూలి ఇస్తారు. బడి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఎక్కాలు బండివాళ్ల నోట నేర్చుకున్నాను. వడ్డీ కట్టడం వర్తకుల చిట్టాలు చూసి నేర్చుకున్నాను. కంపెనీ అచ్చువేసి పంపే ఆస్తి అప్పుల పట్టీ చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క అంకె ఎక్కడినుంచి వచ్చిందో నన్ను నేనే అడుగుతూ ఆరు నెలలు కూర్చున్నాను. ఇప్పటికీ అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఆ రోజుల్లో మా సంత వీధిలో షేర్ల మాట లేని పూట లేదు. కూర్చునే చోటు షావుకారు అరుగు. ఆయన ముప్పై ఏళ్ల కిందట మైదానం నుంచి ఉప్పు, గుడ్డలు తెచ్చి కొండ ఎక్కినవాడు. ఊళ్లో పెద్ద దుకాణం ఆయనదే. అక్కడికి బళ్ల మేస్త్రి వచ్చేవాడు. ఆయన కింద పదహారు బళ్లు నడుస్తాయి.

"కంపెనీ మేడ నా కళ్లతో సూసినాను," అనేవాడు మేస్త్రి. "రెండంతస్తులు. గోడలకి సున్నం కాదు, రంగు! అలాటోళ్లు మునుగుతారేటి?"

"ఆ రంగు ఎవరి డబ్బుతో వేశారో అడిగావా?" అనేవారు బడి పంతులుగారు.

"మీకేటి పంతులుగోరూ, నెల తిరిగితే జీతం. మా ఎద్దు కుంటిదంటే మీ సర్కారు జీతమిత్తాదేటి దానికి?"

అందరూ నవ్వేవాళ్లు. చివరికి షావుకారు తమలపాకు మడుస్తూ ఒక్క మాట అనేవాడు. "నాను ఇరవై షేర్లు పుచ్చుకున్నాను. ఊరికినే పుచ్చుకుంటానేటి?"

ఆ మాటతో వాదన అయిపోయేది. మేడ రంగు కంటే, అచ్చు పట్టీ కంటే ఆ ఇరవై షేర్లే మా వీధికి పెద్ద సాక్ష్యం.

ఆ షేర్లు ఆయనకు ఎలా వచ్చాయో అందరికీ తెలుసు. చుట్టుపక్కల కొండ గూడేలకు ఆయన ఇచ్చిన అప్పుల నోట్లన్నీ కంపెనీ కొనేసింది. సగానికి నగదు ఇచ్చింది, సగానికి షేర్లు ఇచ్చింది. మాకు అటూ ఇటూ ఉన్న సంతల్లో ఇంకా నలుగురైదుగురు వర్తకులు అలాగే అమ్మారు. కంపెనీ పట్టీలో ఆ నోట్లు ఒక వరుసగా ఉండేవి. మైదానం అప్పుల మీద నూటికి పన్నెండు వడ్డీ, ఏజెన్సీ నోట్ల మీద ఇరవై నాలుగు. మొత్తం వడ్డీలో సగానికి పైగా ఈ కొండ నోట్లదే.

నా మొదటి లెక్క ఇలా సాగింది. మైదానం అప్పుల్లో నాలుగో వంతు మునుగుతుందని కొట్టేశాను. వాన పోతే రైతు కోర్టుకెక్కుతాడు, అది మామూలే. కొండ నోట్లలో పైసా కొట్టెయ్యలేదు. కొండవాడు బాకీ ఎగ్గొట్టడు. తండ్రి పోతే కొడుకు తెచ్చి ఇస్తాడు, కొడుకు లేకపోతే తమ్ముడు తెస్తాడు. పదిహేనేళ్లుగా కాటా దగ్గర నిలబడి చూస్తున్నవాణ్ణి, ఆ సంగతి పట్నంలో ఏ గుమస్తా కంటే నాకే బాగా తెలుసు. అందుకే కొన్నాను. మా అప్పకు కూడా సరేనని చెప్పడానికి మనసులో సిద్ధంగానే ఉన్నాను. ఇంకొక్క సంత ఆగమన్నది నా అలవాటు కొద్దీ తప్ప అనుమానంతో కాదు.

ఆ సంత చింతపండు కాలంలో పడింది. పొద్దెక్కేసరికి ఎగువ గూడెం పెద్ద దిగాడు. వెనక ఎనిమిది కావళ్ల చింతపండు. ఏటా వచ్చే మనిషే. కావళ్లు తిన్నగా షావుకారు దుకాణం ముందు దింపించాడు. నేను కాటా కట్టి తూచాను. తూకం అయ్యాక ఆయన మొలనుంచి ఒక నారతాడు తీశాడు. ఆ తాటికి ముడులున్నాయి.

మా వైపు కొండవాళ్ల అప్పుకు నోటు ఉన్నా, వాళ్ల లెక్కలో అసలైన పత్రం ఆ తాడే. అప్పిచ్చేటప్పుడు ఇచ్చినవాడే తన చేత్తో ముడి వేస్తాడు. తీర్చిననాడు ఆ చెయ్యే వచ్చి విప్పాలి. ఇంకొకరు విప్పితే తీరినట్టు కాదు. ఇది వందసార్లు చూశాను. ఎంత మామూలుగా చూశానంటే, ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

షావుకారు వంగి మూడు ముడులు విప్పాడు. గూడెం పెద్ద తాడు చూసుకుని మొలలో పెట్టుకున్నాడు. చింతపండు లోపలి కొట్లోకి వెళ్లింది.

కాటా గొలుసు నా చేతిలోనే ఉండిపోయింది. ఆ మూడు ముడుల నోట్లు రెండేళ్ల కిందటే కంపెనీకి అమ్ముడుపోయాయి.

గూడెం పెద్ద పొగాకు కోసం పక్కకు వచ్చినప్పుడు అడిగాను. "మామా, నీ బాకీ ఇప్పుడు పట్నం కంపెనీది కదా. కావళ్లు ఈ బాబుకి ఇచ్చినావేటి?"

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "ముడి ఎవులేసినారు?"

"షావుకారు."

"ఉప్పు ఎవులిచ్చినారు? ఇత్తనాలకి రూపాయలు ఎవులిచ్చినారు?"

"షావుకారే."

"మరి కంపినీ అంటే ఎవుడు? ఆడి మొగం నాను సూణ్ణేదు. ఆడికాడ గింజ పుచ్చుకోనేదు. ఆడికేల ఇత్తాను?" అన్నాడు. తర్వాత జాలిపడ్డట్టు, "నువ్వు బాగా తూత్తావు గాని బాబూ, కొంచెం ఎర్రోడివి," అని నా దగ్గరే పొగాకు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

షావుకారును కూడా అడిగాను. ఆయన తడబడలేదు. "నాను ఒద్దంటే ఆ సరుకు మళ్లీ కొండెక్కిపోద్ది. పట్నం పట్టుకెల్తాడేటి ఆ ముసిలోడు? నా కాడ ఉంటే ఉన్నట్టే. కంపెనీవోళ్లు వొచ్చి అడిగితే అప్పుడు లెక్క సూసుకుంటాం."

"అడిగినారా?"

"ఇంకా నేదు."

రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. ఎందుకు అడుగుతారు? నోటు పెట్టెలో ఉంది. దాని మీద వడ్డీ నెలనెలా వాళ్ల పుస్తకంలో పెరుగుతూనే ఉంది. ఇంటికి వెళ్లి పట్టీ మళ్లీ తీశాను. వడ్డీ అంకె పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంది. కింద సన్నని అచ్చులో "రావలసినది కూడా చేరి ఉన్నది" అని రాసి ఉంది. చేరింది ఎంతో, రావలసింది ఎంతో చెప్పలేదు. ఆ గుర్తును నేను కొనేటప్పుడూ చూశాను. రావలసింది వస్తుందిలే, కొండవాడు ఎగ్గొట్టడు కదా అనుకున్నాను. అది తప్పు లెక్క కాదు. కొండవాడు తీరుస్తాడా అని ఒక్కటే అడిగాను. ఎవరికి తీరుస్తాడని అడగలేదు.

ఏజెన్సీ వడ్డీ మొత్తం తీసేసి మళ్లీ కూడాను. మిగిలిన వడ్డీలోంచి డిపాజిట్లవాళ్ల వడ్డీ, జీతాలు, మేడ ఖర్చు పోతే పంచడానికి అణా కూడా లేదు. అయినా రెండేళ్లు నూటికి తొమ్మిది పంచారు. అదే పట్టీలో ఆ ఏడు కొత్తగా షేర్లు కొన్నవాళ్ల సొమ్ము పెద్ద అంకెగా ఉంది. మా అప్ప నాలుగు వందలు ఎక్కడికి పోబోతున్నాయో అప్పుడు తెలిసింది. నాకు పోయిన ఏడు ఇచ్చిన తొమ్మిది రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా తెలిసింది.

అప్పతో వద్దన్నాను. సంగతంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ విన్నది. ఏడుపు కాదు, పొగ.

"తాడంటావు, ముడంటావు, సుక్క గురుతంటావు. షావుకారు ఎర్రోడేటి ఇరవై ఉంచుకోడానికి? నువ్వు రెండు ఉంచుకుని నన్ను ఒద్దంటావేటి? నాకు కళ్లు పోయినాక సెబుతావా ఏది కొనాలో?"

అంకెలతో ఆమె నమ్మదు. అందుకని ఒక్క పని చేద్దామనుకున్నాను.

ఏజెంటు వచ్చిన సంతనాడు అరుగు నిండింది. తెల్లచొక్కా, వెండి గొలుసు గడియారం, రసీదు పుస్తకం. అప్ప గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. నేను ఏజెంటును ఒకటే అడిగాను. "ఏజెన్సీ నోట్ల మీద ఈ ఏడు నగదుగా చేతికందిన వడ్డీ ఎంతండీ?"

"మొత్తం వడ్డీ పట్టీలో ఉంది కదండీ," అన్నాడు.

"మొత్తం కాదండి. చేతికందింది."

"అది ఆఫీసులో ఉంటుంది. రాసి తెప్పిస్తాను," అని మర్యాదగానే అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదని నాకు ఇప్పటికీ నమ్మకం.

"తెప్పించండి. ఈలోగా నా రెండు షేర్లు అమ్ముతాను. ఎవరైనా యాభైకి తీసుకుంటారా?" అన్నాను.

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. "ఇంకెవులు? షావుకారే! ఇరవై పక్కన రెండు, ఇరవై రెండు!"

షావుకారు నా వైపు చూశాడు. ఇద్దరం ఆ రోజు చింతపండు తూచినవాళ్లమే. తీసుకోనంటే ఎందుకని అరుగంతా అడుగుతుంది. "తీసుకుంటాను," అన్నాడు. "నలభైకి."

"యాభై షేరండి. తొమ్మిది పండుతోంది."

"నలభై రెండు."

మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను నలభై ఎనిమిది అన్నాను. నలభై అయిదు దగ్గర తెగింది. ఆయన తొంభై రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. కాగితాలు పుచ్చుకుని చదవకుండానే మడిచాడు.

గడప దగ్గర అప్ప లేచింది. సంచి మూతి బిగించి కట్టింది.

"ఏమ్మా, రసీదు రాయమంటారా?" అన్నాడు ఏజెంటు.

"ఒద్దు బాబూ. యాభై సరుకుని షావుకారు నలభైకి బేరమాడినాడంటే నాకు లెక్క తెలిసిపోనాది," అని ఇంటిదారి పట్టింది.

నేను మూడు రోజులు పట్టీ ముందు కూర్చుని తేల్చింది ఆమె మూడు బేరాల్లో తేల్చింది. మేస్త్రిని పక్కకు పిలిచి తాడు సంగతి చెప్పాను. ఆయన విని, మేడ సంగతి నాకు మళ్లీ చెప్పి, నాలుగు షేర్లు కొన్నాడు. పంతులుగారు విని కొనలేదు.

నెలకు మూడు రూపాయల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ వారం అప్ప విస్తర్లు లెక్కపెట్టాను. సంతరోజు ఇరవై, మామూలు రోజు ఆరు. నెలకు రెండు వందల ముప్పై పైచిలుకు. భోజనం మీద ఒక్క కానీ, అంటే పావు అణా, పెంచితే మూడు రూపాయల పదకొండు అణాలు. పెంచింది. మేస్త్రి ఒక పూట గొణిగాడు, రెండో పూటకు పీట వేసుకుని కూర్చున్నాడు. పొయ్యి దగ్గరికి దిగువ గూడెం నుంచి ఒక మనిషి వచ్చింది. అప్ప బయట గదిలో కూరలు తరుగుతూ వడ్డన చూసుకునేది. నీరు కారడం ఆరు నెలలకు తగ్గింది.

"ఇది ముందే సెప్పలేవేటిరా? షేర్లూ గీర్లూ అని నా బుర్ర తినీసినావు," అంది.

కుండలోని నాలుగు వందలు బంగారం మీద అప్పులిచ్చే ఒక చిన్న నిధిలో వేయించాను. అక్కడ నూటికి ఆరే. తాకట్టు నగలు పెట్టెలో ఉంటాయి, విడిపించుకునేవాడు ఆ కిటికీ దగ్గరికే రావాలి. ఎవరికి తీరుస్తాడన్నది ముందుగా అడిగే వేయించాను.

నా పద్దు దాచను. షేరుకు అయిదు చొప్పున రెండింటికి పది పోయింది, లాభంగా తొమ్మిది వచ్చింది, నికరం రూపాయి నష్టం. ఆ తర్వాత కూడా కంపెనీ రెండేళ్లు తొమ్మిది పంచింది. అప్ప కొని ఉంటే డెబ్బై రెండు రూపాయలు వచ్చేవి. నిధి ఇచ్చింది నలభై ఎనిమిది. ఆ రెండేళ్లూ సంతకు ఒకసారి తప్పకుండా ఆ తేడా లెక్కగట్టి నాకు వినిపించింది. మూడో ఏడు లాభం రాలేదు, ఒక ఉత్తరం వచ్చింది. నాలుగో ఏటికి యాభై షేరును పదికి అడిగేవాడు లేడు. మేస్త్రి ఆ నాలుగు కాగితాలూ ఇప్పటికీ బండి పెట్టెలో ఉంచుకున్నాడు. ఆ మేడకు రంగు మాత్రం ఇంకా పోలేదంటాడు.

ఉత్తరం వచ్చిన మర్నాడు అప్ప నాకు భోజనం పెట్టింది. విస్తరి ముందు కూర్చోగానే చెయ్యి చాపింది. ఏమిటన్నాను.

"ఒక కానీ. రేటు పెరిగింది కదా, నీకు మాత్రం ఒగ్గీత్తానేటి?"

ఇచ్చాను. అప్పటినుంచి ఇస్తూనే ఉన్నాను.