ఇడ్లీల అవ్వ చీటీలు

పాకాల స్టేషన్ ఎదురు సందులో ఇడ్లీలమ్మే అవ్వ మొన్న మంగళవారం పోయింది. ఆ కబురు విని నేను ఏడ్చినంతగా ఆమె కూతురు కూడా ఏడవలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

చిల్లర కరువు రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పది పైసల నాణెం కంటబడితే కళ్ళకద్దుకునేవాళ్ళం. చిల్లర ఇవ్వలేక అవ్వ పాత పెళ్ళిపత్రికలు ముక్కలుగా కోసి, మురుకుల గొట్టంలోని బిళ్ళను నీలిమందులో ముంచి ముద్ర వేసి ఇచ్చేది. నీలం మధ్యలో తెల్లగా నక్షత్రం. ఒక చీటీకి ఒక ఇడ్లీ. చదువురాని అవ్వ మాట మీద కూరగాయలవాళ్ళు, పూలవాళ్ళు కూడా ఆ చీటీలు తీసుకునేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధమప్పుడు జర్మనీలోనూ చిల్లర లేక ఊరూరా ఇట్లాంటి కాగితం డబ్బే అచ్చేసుకున్నారని హైస్కూలు అయ్యవారు చెబితే, "ఆళ్ళ కాగితానికి ఇడ్లీ పెట్టిందెవురప్పా?" అని అడిగింది.

ఆ ఏడాదే మా ఆయన రైలు పట్టాల పనిలో కాలు విరగ్గొట్టుకున్నాడు. వానల్లేక చేలల్లో నాకూ కూలి దొరకలేదు. ఇద్దరు పిల్లలు రెండు రోజులుగా గంజినీళ్ళతో ఉన్నారు. మురుకుల గొట్టం లేని ఇల్లుంటుందా? మా ఇంట్లోనూ ఉంది. తలుపు గడియపెట్టి, చేతులు వణుకుతుంటే నాలుగు చీటీలు తయారు చేశాను.

అవ్వ వాటిని వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పిల్లోళ్ళు తిన్నారా మే?"

"లేదవ్వా."

ఆరు ఇడ్లీలు ఆకులో కట్టింది. "రెండు ఎక్కువొచ్చినాయవ్వా" అంటే, "సల్లారిపోతాయి, బిన్నా పో" అనింది.

మా ఆయన లేచి తిరిగేదాకా మూడు నెలలు ఆ దొంగ చీటీలతోనే బతికాం. మొదట వణికిన చేతులు తర్వాత వణకలేదు. నాకు ఇప్పటికీ సిగ్గు అదే. ఆఖరికి చిల్లర వచ్చింది, చీటీలు ఆగిపోయాయి. "చీటీలు లేవని ఎవురూ రాకుండా ఉండొద్దండి" అని అవ్వ అందరితో అనింది. నావైపు మాత్రం చూడలేదు. ఒప్పుకుందామని ఎన్నిసార్లు ఆమె పొయ్యిదాకా వెళ్ళానో! ప్రతిసారీ ఇడ్లీలు కొనుక్కుని తిరిగొచ్చాను. ఇంక ఎవరి దగ్గర ఒప్పుకోను?

నిన్న ఆమె కూతురు పిలిచి మురుకుల గొట్టం నా చేతిలో పెట్టింది. "ఇది నీకే ఇమ్మని మాయమ్మ చెప్పి పోయిందక్కా" అనింది.

ఇంటికొచ్చి బిళ్ళ తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. నక్షత్రపు చిల్లులో ఒక మొన ఎప్పుడో సొట్టపడి మూసుకుపోయి ఉంది. అవ్వ వేసిన చీటీలన్నిటికీ ఐదే మొనలు. నేను వేసినవాటికి ఆరు.

ఐదు మొనల ఎండ నా అరచేతిలో పడింది. పొద్దు వాలేదాకా చెయ్యి తియ్యలేకపోయాను.